కనెక్షన్ డిజైన్ టూల్స్ నేర్పిస్తే మా అమ్మాయికి ఉద్యోగం ఖాయమా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. స్టీల్ కనెక్షన్లను (ఇనుప దూలాలు, స్తంభాలు కలిసే జాయింట్లను) ఆన్‌లైన్ టూల్స్‌తో డిజైన్ చేయడం నేర్పే రెండు నెలల కోర్సులో చేరదామనుకుంటున్నాం. సైటులో తిరిగే పని లేకుండా కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకోవచ్చని మా ఆలోచన. కానీ అంకెలు వేస్తే టూలే అంతా చేసేస్తున్నప్పుడు రేపు ఇంజినీర్లతో పనేముంటుందని భయంగా ఉంది. ఈ కోర్సు మంచిదా, స్ట్రక్చరల్‌లో ఎంటెక్ మంచిదా? – ఒక తండ్రి

జవాబు: ఈ ఉత్తరం నాకు తరచూ వస్తుంది. టూల్ పేరు మారుతుంది, భయం మారదు. కోర్సా ఎంటెక్కా అని అడుగుతున్నారు గానీ, మీ మనసులో ఉన్నది వేరు. నాలుగేళ్ల చదువు వృథా అయిపోతుందేమోనన్న బెంగ అది. కాదండీ. ఆ టూల్ పుట్టినందుకు మీ అమ్మాయి చదువు విలువ తగ్గలేదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను, ఇది ఆమెకు కూడా చూపించండి.

ఒక బీమ్‌ను కాలమ్‌కు వెల్డ్ చేసిన ప్లేటుకు బోల్టులతో బిగించాలి. 20 మిల్లీమీటర్ల బోల్టులు, 8.8 గ్రేడు, నిలువు వరుసలో మూడు, ఒకదానికొకటి 70 మిల్లీమీటర్ల దూరం. బీమ్ నుంచి వచ్చే బరువు 180 కిలోన్యూటన్లు. యూరప్ స్టీల్ డిజైన్ కోడ్ అయిన యూరోకోడ్ 3 ప్రకారం, మరలు ఉన్న చోటే షియర్ (బోల్టును అడ్డంగా కోసే బలం) పడుతుందనుకుంటే ఒక్కో బోల్టు బలం 0.6 × 800 × 245 ÷ 1.25, అంటే సుమారు 94 కిలోన్యూటన్లు. ఇందులో 800 బోల్టు ఉక్కు బలం, 245 మరల దగ్గర దాని వైశాల్యం, మిగతా రెండూ కోడ్ ఇచ్చే అంకెలు. 180ని మూడుతో భాగిస్తే 60, అంటే 94 కంటే తక్కువే. పాసయిందని టూల్ ఆకుపచ్చ రంగు చూపిస్తుంది, పిల్లలు సంతోషంగా రిపోర్టు ప్రింటు తీస్తారు.

అయితే ఆ బోల్టుల వరుస వెల్డుకు 60 మిల్లీమీటర్లు ఎడంగా ఉంది. ఆ ఎడం (దీన్నే ఎక్సెంట్రిసిటీ అంటారు) వల్ల 10.8 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్, అంటే తిప్పే బలం, పుడుతుంది. దాన్ని బోల్టులే మోయాలంటే పై బోల్టు మీదా కింది బోల్టు మీదా అడ్డంగా మరో 77 కిలోన్యూటన్లు పడతాయి. నిలువు 60, అడ్డం 77ని లంబకోణ త్రిభుజం లెక్కన కలిపితే ఒక్కో చివరి బోల్టుకు వచ్చేది దాదాపు 98. బోల్టు చాలదు. ఎక్సెంట్రిసిటీ గడిలో సున్నా వదిలేస్తే ఎంత ఖరీదైన టూలైనా మొదటి జవాబే ఇస్తుంది. ఆ గడిలో ఏమి రాయాలో తెలిసిన మనిషికే జీతం ఇస్తారు. అది మీ అమ్మాయి కాలేజీలో చదివిన పాఠమే.

కోడ్ ఎంచుకునే చోట కూడా ఇదే కథ. అదే బోల్టుకు, ఉక్కు బలం అదే 800గా తీసుకుని, మన దేశపు స్టీల్ కోడ్ ఐఎస్ 800 ప్రకారం లెక్కిస్తే సుమారు 90.5 కిలోన్యూటన్లే వస్తుంది. రెండూ సరైనవే, ప్రాజెక్టు ఏ కోడ్‌దో గమనించకపోవడమే తప్పు.

ఇక ఈ కోర్సుల గురించి నా అనుమానాలు దాచుకోను. టూల్స్ మంచివే. పది రకాల జాయింట్లు పోల్చి చూడాలంటే చేత్తో రోజంతా పట్టేది నిమిషాల్లో తేలుతుంది. మంచి టూల్ ఇచ్చే రిపోర్టులో కోడ్ క్లాజు నంబరుతో సహా ప్రతి మెట్టూ ఉంటుంది, దాన్ని వరుసగా చదివితే అంతకు మించిన గైడు అక్కర్లేదు. నా ఇబ్బంది వాటిని నేర్పే తీరుతోనే. ఏ మెనూ ఎక్కడుందో, ఏ బటన్ నొక్కాలో చెప్పి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కంపెనీలో మరో టూల్ వాడుతుంటే ఆ సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు. బటన్ నొక్కడం ఒక్కటే వచ్చినవాళ్ల సంగతిలో మాత్రం మీ భయం నిజమే, ఆ పని మెషీన్ చేసేస్తుంది.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. "సైటులో తిరిగే పని లేకుండా" అని రాశారు. ఇది అమ్మాయి కోరికా, మీ కోరికా? ఉత్తరంలో ఆమెకు ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. "చేరదామనుకుంటున్నాం" అన్నారు, మీరు కూడా క్లాసులో కూర్చుంటారా? ఫ్యాబ్రికేషన్ షాపు (ఇనుప భాగాలను కోసి అతికే చోటు) మొహం చూడకుండా కనెక్షన్ డిజైన్ నేర్చుకోవడం కుదరని పని. లెక్కలో పాసయిన జాయింటులో స్పానర్ తిప్పడానికి చోటుండదు. బోల్టు దూర్చడానికి పక్కన ఉన్న ఫ్లాంజ్ (బీమ్ అంచు పలక) అడ్డొస్తుంది. వెల్డర్ ఎలక్ట్రోడ్ ఆ మూలకు చేరదు. చాలా టూల్స్ ఇవేవీ అడగవు. ఫిట్టర్ ఒక్క చూపులో చెబుతాడు. ఆ మాట వినే అవకాశం లేకుండా ఆమెను గదిలో కూర్చోబెట్టి, రేపు మెషీన్ ఆమె ఉద్యోగం లాక్కుంటుందని బాధపడితే ఎలా?

1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పై వంతెన, కింది వంతెన ఒకే ఇనుప కడ్డీకి వేలాడాలి. తయారీ సులువు కోసం దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. కింది వంతెన పై వంతెన బీమ్‌కు వేలాడింది, అక్కడి నట్టు మీద పడే బరువు రెట్టింపయింది. మారిన ఆ జాయింటును ఎవరూ మళ్లీ లెక్క కట్టలేదు. ఆ డ్రాయింగు చూసి "ఇక్కడ బరువు మారింది కదా" అని అడిగే మనిషి కావాలి. మీ అమ్మాయి ఆ మనిషి కాగలదు, చదువులో వెనకబడిందని కూడా మీరు ఎక్కడా రాయలేదు.

ఎంటెక్ సంగతి అడిగారు. భూకంపాలు, విశ్లేషణ, పరిశోధన వైపు ఆసక్తి ఉంటే చేయనివ్వండి. కనెక్షన్ల పనితనం మాత్రం అక్కడ కొద్దిగానే దొరుకుతుంది. ముందు ఏడాదో రెండేళ్లో డిటెయిలింగ్ (తయారీకి కావలసిన వివరమైన డ్రాయింగులు గీయడం) చేసే చోటో ఫ్యాబ్రికేషన్ కంపెనీలోనో పనిచేసి, తర్వాత చదవాలనిపిస్తే చదవడమే నాకు మేలనిపిస్తుంది. ఆలస్యమైపోతుందని కంగారు పడకండి. ఈ రంగంలో ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లను ఇంకా కుర్రవాళ్లనే అంటారు.

రెండు నెలల కోర్సులో చేరినా నష్టం లేదు. చేరేముందు ఒక ప్రశ్న అడగాలి: ఫెయిలైన జాయింటు ఇచ్చి, టూల్ తెరవకుండా కారణం చెప్పమని అభ్యాసం చేయిస్తారా? చేయిస్తామంటే ఫీజు కట్టండి. ఆ ఫోన్ మాత్రం మీరు చేయకండి, అమ్మాయినే చేయనివ్వండి.