1/24 కారు మోడల్‌లో ఇంజిన్ బోసిగా ఉంది, డీటెయిలింగ్ సెట్లు కొనాలా?

మీ మూడో కిట్ 1/24 కారు, అంటే అసలు కారులో 24వ వంతు సైజుది. బానెట్ ఎత్తితే ఇంజిన్ బోసిగా కనిపిస్తోంది, బయట దొరికే ఫోటో ఎచ్ (పలచటి లోహపు రేకు భాగాలు), రెజిన్ (పోత పోసిన గట్టి రెజిన్ భాగాలు) సెట్లు కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు ఇంజిన్‌కి వైర్లు వేయండి. ఆ ఒక్క పనితోనే బొమ్మ కాస్తా కారులా కనిపించడం మొదలవుతుంది.

నేను మొదటిసారి వేసినప్పుడు చేతికందిన వైరు వాడాను. మందం అర మిల్లీమీటరు, సన్నగానే ఉంది కదా అనుకున్నాను. తీరా చూస్తే ఇంజిన్ మీద మోకులు కట్టినట్టుంది. 0.5ని 24తో హెచ్చవేస్తే 12 మిల్లీమీటర్లు. అసలు కార్లలో స్పార్క్ ప్లగ్‌కి వెళ్లే వైరు మందం 7, 8 మిల్లీమీటర్లే. అన్నీ పీకేసి 0.3 తీగతో మళ్లీ వేశాను. అప్పటినుంచి ఏది అతికించబోయినా ముందు 24తో హెచ్చవేసి చూడటం అలవాటైంది.

ప్లగ్‌లకి కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్. కిట్‌లో అది ఒక చిన్న ప్లాస్టిక్ ముద్ద, అంతే. దాన్ని స్ప్రూ (భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోయకముందే రంధ్రాలు వేయండి, స్ప్రూనే పిడిలా పట్టుకోవచ్చు. సూదిమొనతో చిన్న గుంట చేసి, చేత్తో తిప్పే డ్రిల్‌కి 0.35 బిట్ పెట్టి మెల్లగా తిప్పాలి. గుంట లేకపోతే బిట్ జారుతుంది, బలం పెడితే విరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే అంచు చుట్టూ నాలుగు, మధ్యలో కాయిల్ (డిస్ట్రిబ్యూటర్‌కి కరెంటు ఇచ్చేది) వైరుకి ఒకటి, మొత్తం ఐదు. ఇలాంటి ఇంజిన్లలో చాలావాటికి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2. ఎవరూ చూడరని తోచినట్టు కలపకండి. ఆ వరుసలో వేస్తే వైర్లు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ, అసలు ఇంజిన్లో కనిపించే తీరు దానంతటదే వస్తుంది. రేడియేటర్ గొట్టాలకి సోల్డర్ తీగ బాగుంటుంది. వంచితే వంగినట్టే ఉంటుంది, మడత పడదు.

ఇక విడిభాగాలు. కిట్‌లో మిగిలిపోయిన చక్రాలు, సీట్లు, ఎయిర్ ఫిల్టర్లు ఒక్కటీ పారేయకండి, ఒక డబ్బాలో దాచుకోండి. 1/25 కిట్ బ్యాటరీని 1/24లో పెట్టినా తేడా తెలియదు. టైర్లు మాత్రం నాలుగూ ఒకే కిట్‌వి ఉండాలి. 63 సెంటీమీటర్ల టైరు 1/24లో 26.25 మిల్లీమీటర్లు, 1/25లో 25.2. ఆ ఒక్క మిల్లీమీటరుకే కారు ఒక పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట, మెత్తటి వినైల్ టైర్లని కిట్‌లోని ప్లాస్టిక్ అద్దాలతో కలిపి దాచకండి. వినైల్‌ని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని కరిగిస్తుంది. నా డబ్బాలో ఒక విండ్‌షీల్డ్ మీద టైరు అచ్చు దిగిపోయింది, ఎంత రుద్దినా పోలేదు. ఆ కారు ఇప్పటికీ అద్దం లేకుండానే ఉంది. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

ప్లాస్టిక్‌తో అంత పలచగా పోత పోయడం కుదరని చోట ఫోటో ఎచ్ కొనండి. వైపర్లు, సీటుబెల్టు బకిల్స్, గ్రిల్ జాలీ లాంటివాటికి అది నిజంగా పనికొస్తుంది. అది లోహం కాబట్టి ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే జిగురు) పట్టదు, సూపర్ గ్లూ వాడాలి. కానీ అద్దాల దగ్గర సూపర్ గ్లూ తెరవకండి, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి మసక పడుతుంది. అద్దాలకి తెల్ల జిగురే మంచిది. రెజిన్ భాగాలైతే రంగు వేసేముందు సబ్బు నీళ్లతో కడగాలి. అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

వైర్లు వేశాక ఇంజిన్‌ని ఛాసిస్‌కి అప్పుడే అతికించేయకండి. ఊరికే కూర్చోబెట్టి, బాడీ పెట్టి, బానెట్ పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. ప్లగ్ వైర్లు ఒక మిల్లీమీటరు పైకి లేచినా అది కూర్చోదు.