15 కిలోల నూనె డబ్బాలో ఎన్ని లీటర్లుంటాయి?

ప్రశ్న: ద్రవం బరువు, దాని స్పెసిఫిక్ వెయిట్ తెలిస్తే వాల్యూమ్ ఎలా లెక్కకట్టాలి? పుస్తకంలో న్యూటన్లు, దుకాణంలో కిలోలు. అంతా తికమకగా ఉంది.

బరువును స్పెసిఫిక్ వెయిట్‌తో, అంటే ఒక ఘనపు మీటరు ద్రవం తూగే బరువుతో, భాగించడమే. సూత్రం అక్కడితో సరి. తప్పులు మాత్రం కాటా దగ్గరా యూనిట్ల దగ్గరా జరుగుతాయి. పల్లీనూనె డబ్బాను ఎదురుగా పెట్టుకుని చూస్తే తికమక ఉండదు.

కాటా మీద నూనెతో కలిపి 16.05 కిలోలు చూపించిందనుకుందాం. ఖాళీ డబ్బా, మూతతో సహా, 1.05. తీసేస్తే నికరంగా 15 కిలోలు. పరీక్షలో రాయాలంటే దీన్ని గురుత్వ త్వరణం 9.81తో గుణించి 147.15 న్యూటన్లు అనండి. పల్లీనూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది, అంటే ఘనపు మీటరుకు 910 కిలోలు. దీన్నీ 9.81తో గుణిస్తే స్పెసిఫిక్ వెయిట్ ఘనపు మీటరుకు 8,927 న్యూటన్లు. 147.15ని 8,927తో భాగిస్తే 0.01648 ఘనపు మీటర్లు, అంటే 16.48 లీటర్లు. ఆ 9.81 పైనా ఉంది, కిందా ఉంది, కాబట్టి కొట్టేసుకుపోతుంది. ఇంట్లో లెక్కకైతే 15ని 0.91తో భాగించండి, చాలు.

పైన కిలోలు ఉంచేసి కింద న్యూటన్లు పెడితే 1.68 లీటర్లు వస్తుంది. ఆ తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. పదిహేను కిలోల డబ్బాలో రెండు లీటర్లు కూడా లేకపోవడమేమిటి? మోసం చేసేది ఇంకొకటి: భాగించాల్సిన చోట గుణించడం. 15ని 0.91తో గుణిస్తే 13.65. చూడటానికి నమ్మేలా ఉంటుంది కానీ అది 15 లీటర్ల నూనె బరువు, 15 కిలోల నూనె పరిమాణం కాదు. గుర్తు ఒక్కటే: నూనె నీళ్ల మీద తేలుతుంది కాబట్టి కిలోల కంటే లీటర్లు ఎక్కువ రావాలి. పాలకు ఇది తిరగబడుతుంది. లీటరు పాలు 1.03 కిలోలు తూగుతాయి కనుక 15 కిలోల పాలు 14.56 లీటర్లే.

ఈ గందరగోళంలో పాత పుస్తకాల పాత్ర కూడా ఉంది. నీటి స్పెసిఫిక్ వెయిట్‌ను ఘనపు మీటరుకు ఒక చోట 9,810 న్యూటన్లనీ, ఇంకో చోట 1,000 కిలోగ్రామ్-ఫోర్స్ (ఒక కిలో మీద భూమి లాగే బలం) అనీ రాస్తారు. రెండోది అంకెల్లో అచ్చం సాంద్రతలాగే ఉంటుంది. అంకె పక్కన యూనిట్ రాయకుండా ఇచ్చిన లెక్కను ముట్టుకోవద్దు.

మరి మీ చేతిలో ఉన్న నూనెకు 0.91 వర్తిస్తుందా? కొలిచి చూసుకోవచ్చు. సన్నని మూతి గాజుసీసా ఒకటి తీసుకుని మెడ మీద గీత పెట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, పట్టుకుంటే నొక్కుకుపోయి లెక్క మారుతుంది. ఖాళీ సీసా 480 గ్రాములు, గీత దాకా నీళ్లతో 1,500, అదే గీత దాకా నూనెతో 1,412 అనుకోండి. నీళ్లు 1,020, నూనె 932. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 995.7 గ్రాములు కాబట్టి సీసాలో పట్టేది 1,024.4 మిల్లీలీటర్లు. 932ని దానితో భాగిస్తే 0.91. నీళ్లు తూచాక సీసాను పూర్తిగా ఆరబెట్టాలి. గానుగ నుంచి అప్పుడే తెచ్చిన నూనెలో గాలి బుడగలుంటాయి, అవి పైకి వచ్చేసేదాకా ఆగండి. లేకపోతే అంకె తక్కువ వస్తుంది.

వేడి సంగతీ ఉంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది, బరువు మాత్రం మారదు. ప్యాకెట్ల మీద లీటరు లెక్కను 60 డిగ్రీల వద్ద అని రాసుకున్న కంపెనీలుండేవి. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6. తేడా 26.5 గ్రాములు. వంటింట్లో అరవై డిగ్రీలెక్కడివి? 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత రాయొద్దనీ, లీటర్లతో పాటు బరువూ రాయాలనీ ఆదేశించింది. నన్నడిగితే నూనెకు లీటరు అనే మాటే తీసేయాలి.

ధర పోల్చేటప్పుడు కూడా ఇదే భాగహారం. గానుగ నూనె ఒక చోట లీటరు 300, ఇంకో చోట కిలో 300 అన్నారనుకోండి, రెండూ ఒకటి కావు. లీటరు 300 అంటే కిలో దాదాపు 330. ‘కేజీ అన్నా లీటరన్నా ఒకటేనండీ’ అని కొట్టువాడు అంటే, ఆ ముప్పై ఎవరి జేబులోకి పోతోందో చూసుకోండి.

ఇంటికి తెచ్చిన డబ్బా కిలోలదో లీటర్లదో తేలకపోతే కొలతపాత్రతో లీటరు చొప్పున వంపండి. 15 కిలోల డబ్బా అయితే 16 సార్లు నిండి, ఇంకో అరలీటరుకు కాస్త తక్కువ మిగలాలి. అడుగునా గోడలకూ అంటుకున్నది పోనివ్వండి. పదిహేనో లీటరుతోనే ఖాళీ అయితే మీకు అమ్మింది 15 లీటర్ల డబ్బా, అంటే 13.65 కిలోలు.