పాప తొలి అడుగుల వేడుకకు అరిసెల బదులు ఇంట్లో పిజ్జా చేసి పెట్టవచ్చా?

పాప అడుగులు వేస్తోందని బంధువులను పిలుస్తున్నామని, ఇంట్లోనే పిజ్జా చేయాలనుకుంటున్నామని, అరిసెలు పంచకపోతే పెద్దవాళ్లు ఏమంటారోనని భయంగా ఉందని అడిగారు. నిస్సంకోచంగా చేయండి. దుకాణంలో కిలోల లెక్కన కొని తెచ్చి పంచే అరిసెల కంటే, ఇంటిల్లిపాదీ కలిసి చేసిన పిజ్జాయే మన ఆచారానికి దగ్గరగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, పలికితే పంచదార చిలకలు. ఇంటికో తేడా ఉన్నా వరస ఇంచుమించు ఇదే. అరిసెలు ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు. బియ్యం నానబోసి తడిపిండి కొట్టాలి. పాకం సరైన అదనుకు రాగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. ఒత్తేవారు, వేయించేవారు, చెక్కల మధ్య పెట్టి నూనె పిండేవారు వేరే ఉండాలి. పిల్ల అడుగు వేసిందంటే పది చేతులు పొయ్యి చుట్టూ చేరేవి. ఆ చేరడం పోగొట్టుకుని తీపి పొట్లం ఒక్కటే పంచుతున్నాం. నాకు బాధ అక్కడే.

మా ఆడపడుచు కూతురు అడుగులు వేసినప్పుడు తెనాలిలో మా అత్తగారింట్లో పిజ్జా చేశాం. పాపను నడిపించడానికి మాత్రం అరిసెలే. తెల్లటి వస్త్రం మీద వాటిని వరసగా పరిచి, చెరో చేయి పట్టుకుని నడిపించారు. భోజనాల దగ్గరికి వచ్చేసరికి మా పెదమామగారికి కోపం వచ్చింది. ‘శుభకార్యంలో ఈ రొట్టెముక్కలు ఏమిటమ్మా’ అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోపు మా అత్తగారు వచ్చి, పిండిముద్దను వేలితో నొక్కి, ‘ఇది మన బొబ్బట్ల తోపు పిండే కదా, ఎంతసేపు నానింది అమ్మాయీ’ అని అడిగారు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచానని చెబితే తృప్తిగా తల ఊపారు. అప్పడాల కర్రను పక్కన పెట్టించి, వేళ్లకు నూనె రాసుకుని, ముద్దను మధ్య నుంచి అంచులకు జరుపుతూ పలచగా సాగదీశారు. ఎక్కడా చిరగలేదు. కర్రతో ఒత్తితే పిండిలోని గాలి పోయి రొట్టె బిగుసుకుంటుంది. ఆ సంగతి ఆవిడ చేతులకు ఎప్పటినుంచో తెలుసు. ఈలోగా పెదమామగారు కుర్చీ లాక్కుని ఓవెన్ ముందు కూర్చున్నారు. చేతి గడియారం చూస్తూ ‘ఏడు నిమిషాలు అయింది, తీయండి’ అని ఆఖరి పిజ్జా దాకా ఆయనే చెప్పారు. పిల్లలు చీజ్ తురిమారు, మా తోడికోడలు టమోటాలు మగ్గించింది. ఆ ఇంట్లో అంతమంది ఒకే వంట మీద పని చేయడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

కొలతలు చెబుతాను. కిలో మైదాకు 620 మిల్లీలీటర్ల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్టు. కలిపిన పిండిని గంటసేపు బయట ఉంచి, తర్వాత 24 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఏడు ముద్దలు వస్తాయి. చేయడానికి రెండు గంటల ముందు బయటికి తీయండి, లేకపోతే పిండి సాగకుండా వెనక్కి ముడుచుకుంటుంది. ఇటలీలోని నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో కాలుతుంది. మన ఇంటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అందుకే లోపల మందపాటి ఇనుప పెనం బోర్లించి, కనీసం అరగంట వేడెక్కనిచ్చి, దాని మీద కాల్చండి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. నాటు టమోటాలు దొరికితే వదలకండి, ఆ పులుపు హైబ్రిడ్ కాయల్లో ఉండదు. నీరు పూర్తిగా ఇగిరేదాకా మగ్గించాలి.

చీజ్ విషయంలో నా మాట కచ్చితంగా వినండి. ముందే తురిమి సంచుల్లో అమ్మేది కొనకండి. ముక్కలు అంటుకోకుండా దానికి పిండిపొడి పట్టిస్తారు, సరిగ్గా కరగదు. కొన్నింటిలో పాల కొవ్వు బదులు వంటనూనె ఉంటుంది, పదార్థాల జాబితా చదివితే తెలిసిపోతుంది. మొజరెల్లా గడ్డ కొని ఇంట్లో తురుముకోండి. శాకాహారులైన పెద్దలు వస్తుంటే పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోండి.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి. వేడుకకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ‘మా వాడు తొమ్మిదో నెలలోనే నడిచాడు’ అంటారు. వినకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిదో నెల దాటాక మొదలుకొని పదిహేడున్నర నెలల వరకు ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చు. నూటికి నలుగురు మోకాళ్ల మీద పాకకుండానే నడకలోకి వెళ్లారు. పాకలేదని పాకుండలు మానేసి దిగులుపడే తల్లులను నేను చూశాను. ఆ దిగులు పుట్టించేది పిల్ల కాదు, పోల్చి చూసే నోళ్లే.

పాపకు విడిగా చేయండి. పిండి, నీళ్లు, ఈస్టు కలిపాక ఉప్పు వేయకముందే చిన్న ముద్ద తీసి పక్కన పెడితే సరిపోతుంది. టమోటా గుజ్జు పలచగా రాసి, చీజ్ చిటికెడు చల్లి, మెత్తగా ఉన్న మధ్యభాగాన్ని చిన్న ముక్కలు చేసి పెట్టండి. గట్టి అంచు, మొక్కజొన్న గింజలు, ఆలివ్‌లు వద్దు, గొంతుకు అడ్డుపడతాయి. ఏడాది నిండకపోతే తేనె అసలే తగలనివ్వకండి.

ఓవెన్ లేదని ఆగిపోవద్దు. మందపాటి పెనం మీద మధ్యస్థమైన మంటతో రొట్టెను ఒకవైపు కాల్చి తిరగేయండి. కాలిన వైపు గుజ్జు, చీజ్ వేసి, మంట తగ్గించి మూత పెడితే నాలుగైదు నిమిషాల్లో చీజ్ కరుగుతుంది. మూత లోపలి ఆవిరి చుక్కలు చీజ్ మీద పడితే రొట్టె నానిపోతుంది కాబట్టి మధ్యలో ఒకసారి మూత తీసి తుడవండి.