నలుపు తెలుపు గోరింక తొర్రలో కాక కొమ్మపై గూడు కడుతుందా?

చీపురుపల్లి వైపు మీ ఊళ్లో ఇంటి ముందున్న వేపచెట్టుపైన, వీధిలోని కరెంటు స్తంభంపైన నలుపు తెలుపు పిట్టలు గడ్డీ గుడ్డపీలికలూ పోగుచేసి గూళ్లు కడుతున్నాయని రాశారు. అవి గోరింకలేనా, గోరింకలు తొర్రల్లో కదా గుడ్లు పెట్టేది, ఆ గూళ్లను తీసేయవచ్చా, మీ అబ్బాయి ఒక పిల్లను పెంచుకుంటానంటే ఒప్పుకోవచ్చా అని అడిగారు. అవి గోరింకల కుటుంబానికి చెందినవే, కాని మన ఇంటి చూరుల్లో చేరే మామూలు గోరింకలు కావు. ఆమదాలవలస దగ్గర నాగావళి ఒడ్డునున్న మా పొలంలోనూ, పెరటి చింతచెట్టుపైనా ఈ పక్షిని ఏళ్ల తరబడి చూస్తున్నాను కాబట్టి కొంత వివరంగానే రాస్తాను.

మామూలు గోరింక ఒళ్లు గోధుమ రంగులో, తల నల్లగా ఉంటుంది. కంటి చుట్టూ ఉన్న చర్మం, ముక్కు, కాళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్లని మచ్చలు మెరుస్తాయి. మీరు చూసిన పక్షి కూడా ఇంచుమించు అంతే, అంటే 23 సెంటీమీటర్ల పొడవే ఉంటుంది గాని, దాని తల, గొంతు, వీపు నల్లగానూ, చెంపలు తెల్లగానూ, పొట్ట బూడిద కలిసిన తెలుపులోనూ ఉంటాయి. కంటి చుట్టూ చర్మమూ ముక్కు మొదలూ నారింజ రంగులో ఉంటాయి. ఆడ, మగ పక్షులను రంగు చూసి వేరుచేయలేము. కొత్తగా ఎగిరిన పిల్లలకు మాత్రం నలుపు ఉండవలసిన చోట ముదురు గోధుమ రంగు ఉంటుంది. శాస్త్రవేత్తలు దీనిని గ్రాకుపికా కాంట్రా అంటారు.

ఇక గూడు సంగతి. మన ప్రాంతంలో కనబడే గోరింకల్లో చాలావరకు చెట్టుతొర్రనో, గోడ కన్నాన్నో, పెంకుటింటి చూరునో వెతుక్కుంటాయి. ఈ నలుపు తెలుపు గోరింక మాత్రం ఆరుబయట కొమ్మల చీలికలో తానే గుండ్రని గూడు కట్టుకుంటుంది. పైకప్పు ఉంటుంది, దారి పక్కనుంచి ఉంటుంది. కిందనుంచి చూసేవారికి గాలికి ఎగిరివచ్చి కొమ్మల్లో చిక్కుకున్న చెత్తలాగే కనబడుతుంది. గిజిగాడి నేర్పును ఇందులో వెతకకూడదు. ఒకసారి పెద్ద గాలికి మా చింతచెట్టునుంచి పాత గూడొకటి రాలిపడితే విప్పి చూశాను. పై పొర అంతా వరిగడ్డీ ఎండుపుల్లలూ. వాటి మధ్య గోగునార పోగులు, ఎరువు బస్తాల దారాలు, చీర అంచు ముక్క ఒకటి. లోపల గుడ్లు పెట్టే చోట మాత్రం సన్నని గడ్డీ కోడి ఈకలూ మెత్తగా పరిచి ఉన్నాయి. బయట ఎంత నిర్లక్ష్యంగా కనబడినా లోపలి అర అంత శుభ్రంగా ఉండటం నన్ను ఆశ్చర్యపరచింది. ఒకే చెట్టుపైనో, పక్కపక్క చెట్లపైనో రెండు మూడు జంటలు గూళ్లు కట్టడం కూడా ఈ పక్షికి మామూలే.

ఈ అలవాటు వల్ల దానికి కలిగే లాభం చిన్నది కాదు. మోడువారిన తాటిచెట్లను, ముసలి మామిడిచెట్లను కొట్టేస్తున్న కొద్దీ తొర్రలు తగ్గిపోతున్నాయి. మిగిలిన ఒక్క తొర్ర కోసం మామూలు గోరింకా రామచిలుకా కొట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. నలుపు తెలుపు గోరింకకు ఆ తగాదాతో పని లేదు. ఎత్తయిన కొమ్మ ఒకటి, చుట్టుపక్కల గడ్డి ఉంటే చాలు, చెట్టు దొరకకపోతే స్తంభంతోనే సరిపెట్టుకుంటుంది. అయితే ఆరుబయట గూడు కాకులకూ గాలివానలకూ సులభంగా చిక్కుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరినీ జీడిమామిడినీ ఎలా నేలకూల్చిందో మనకు తెలుసు. ఈ పక్షి సంతానకాలం మార్చి నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది గనుక, మన తీరాన్ని ఎక్కువగా కొట్టే అక్టోబరు తుపానుల నాటికి పిల్లలు చాలావరకు ఎగిరిపోయి ఉంటాయి.

ఈ పక్షి తిండి తినే తీరు చూడాలంటే ఉభాల కాలంలో, దమ్ము పట్టిన మడి గట్టున ఒక పూట కూర్చోవాలి. ఇది పిచ్చుకలా గెంతదు, అడుగు మీద అడుగు వేసి నడుస్తుంది. ముక్కును మూసి ఉంచి తడిమట్టిలోకో గడ్డిదుబ్బులోకో గుచ్చుతుంది, ఆ తరువాత లోపలే ముక్కును బలంగా తెరుస్తుంది. మట్టి విడివడి చిన్న కన్నం ఏర్పడుతుంది, అందులో వానపామో లద్దెపురుగో ఉంటే లాగేస్తుంది. సాధారణంగా పక్షుల ముక్కు బలమంతా మూయడంలో ఉంటే, దీనికి తెరిచే కండరాలు కూడా గట్టివి. పైగా, తెరిచిన ముక్కు సందులోనుంచి ముందుకు చూడగలిగేలా దాని కళ్లు అమరి ఉంటాయి. ఎండిన పేడను తిరగవేసి పురుగులు ఏరుకోవడం, మేస్తున్న పశువుల వెంట నడిచి లేచే మిడతలను పట్టుకోవడం, పండ్లూ కళ్లంలో రాలిన గింజలూ తినడం కూడా ఉన్నాయి. గింజల కోసం దీన్ని తిట్టే రైతులను చూశాను, కాని మడిలో అది తినే పురుగులను లెక్కలోకి తీసుకుంటే ఆ తిట్లు అన్యాయమే.

తడినేల ఇంత అవసరం కాబట్టే దీని ఉనికి కూడా ఆ ప్రకారమే ఉంటుంది. గంగా మైదానం, బెంగాలు, ఒడిశాల మీదుగా మన తీరానికి దిగి, దక్షిణాన సుమారు కృష్ణా డెల్టా దాకా ఇది సహజంగా కనబడుతుంది. ఇంకా దక్షిణాన, ముంబయి వంటి నగరాల్లోనూ కనబడేవి చాలావరకు పంజరాలనుంచి తప్పించుకున్నవాటి సంతతి. వంశధార, నాగావళి, చంపావతి నీళ్లు పారే మన పల్లాలు దానికి పుట్టిల్లు లాంటివి.

గూటిని తీయడం గురించి చెప్పాలంటే, ఇప్పుడు తీయకండి. ఇది 4 నుంచి 6 దాకా నిగనిగలాడే నీలిరంగు గుడ్లు పెడుతుంది. 14, 15 రోజుల్లో అవి పిల్లలవుతాయి, మరో మూడు వారాలకు పిల్లలు గూడు విడుస్తాయి. అంటే గుడ్లు పెట్టిన తరువాత నెలన్నర లోపే గూడు ఖాళీ అవుతుంది. అదే ఏడాది రెండోసారి గుడ్లు పెట్టే అవకాశం ఉంది కనుక, పిల్లలు ఎగరగానే తొందరపడకుండా పెద్ద పక్షుల రాకపోకలు ఆగాయో లేదో చూడండి. వేపచెట్టు గూటిని అసలు ముట్టుకోనవసరమే లేదు. స్తంభంపై గూటి గడ్డి గాని, అవి తెచ్చిపెట్టే తీగముక్కలు గాని కరెంటు తీగలకు తగులుతూ ఉంటే ప్రమాదమే. అప్పుడు కూడా కర్రతో పొడిచి తోయకండి, లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించి అతనితోనే పని చేయించండి.

పిల్లను పెంచుకునే విషయంలో మాత్రం మీ అబ్బాయికి వద్దనే చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గోరింకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. ఈ పక్షికి ఇతర ధ్వనులను అనుకరించే నేర్పు ఉంది, దాని కొంపకు అదే ఎసరు పెడుతుంది. ఇండోనేషియాలోని జావా దీవిలో దీని దగ్గరి బంధువు ఒకటి ఒకప్పుడు పొలాలనిండా తిరిగేది. పంజరాల కోసం పట్టిపట్టి, పైగా పొలాల్లో పురుగుమందులు పెరిగి, ఇప్పుడది బయట దాదాపు కనబడకుండా పోయింది. విచిత్రమేమిటంటే పెంపకందారుల పంజరాల్లో మాత్రం అది ఇప్పటికీ బోలెడంత ఉంది. మీ చెట్టు కింద పిల్ల ఏదైనా పడి కనబడితే, ఈకలు వచ్చినదైతే పిల్లులకు అందని కొమ్మపై కూర్చోబెట్టి దూరంగా జరగండి, తల్లీ తండ్రీ వచ్చి మేపుతాయి. ఈకలు రానిదైతే గూడు అందే ఎత్తులో ఉన్నప్పుడు తిరిగి అందులోనే పెట్టండి. మనిషి చేయి తగిలిందని పెద్ద పక్షులు దాన్ని వదిలేస్తాయన్న మాటలో నిజం లేదు.