ఒక్క కొండచరియ దగ్గర ఆగమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లల్ని జియోపార్కుకు, అంటే భూమి చరిత్ర చెప్పే రాళ్లను, కొండలను కాపాడుకునే ప్రాంతానికి తీసుకెళ్తున్నానని, రాళ్ల గురించి నీకే అంతగా తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. రాళ్ల పేర్లు రాకపోయినా పర్వాలేదమ్మా. ఒకచోట ఎక్కువసేపు ఆగగలిగితే చాలు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక్కరోజులో తొమ్మిది చోట్లు తిప్పాను. ప్రతిచోటా బోర్డు చదివి వినిపించాను, పిల్లలు నోట్సు రాసుకున్నారు. వారం తర్వాత అడిగితే ఒక్కరికీ ఒక్క రాయీ గుర్తులేదు. ఆ పిల్లలకు అన్యాయం చేశాననే బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి రోజుకు రెండు చోట్లు, అంతే.

పొరలు బాగా కనిపించే కొండచరియను ముందే వెళ్లి చూసి పెట్టుకో. పిల్లల్ని దానికి దూరంగా కూర్చోబెట్టు. చరియ కిందికి పంపకు, వాన పడ్డ మర్నాడైతే అసలు వద్దు. ఏమీ చెప్పకుండా ఇరవై నిమిషాలు బొమ్మ గీయమను. ఫొటో అయితే నొక్కేసి వెళ్లిపోతారు. గీసేటప్పుడు మాత్రం గీత వంగిన చోట చెయ్యి ఆగుతుంది. "ఇక్కడెందుకు ఇలా వంగింది?" అని వాళ్లే అడుగుతారు. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు.

వాళ్లు అడిగాక, 1669లో నికొలస్ స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త రాసిన సంగతి చెప్పు. నీటి అడుగున ఇసుక, బురద చాప పరిచినట్టు దాదాపు సమంగా పేరుకుంటాయి. కిందిది ముందు, పైది తర్వాత. మరి ఈ పొర ఏటవాలుగా ఉందంటే, పేరుకున్నాక ఏదో దాన్ని కదిలించి ఉండాలి. ఫ్రాన్స్‌లోని హాట్ ప్రొవాన్స్ జియోపార్కులో గోడలా వాలిన ఒక పెద్ద బండ ఉంది. దాని మీద వెయ్యికి పైగా అమ్మోనైట్ల (చుట్టలు తిరిగిన గుల్లతో ఒకప్పుడు సముద్రంలో బతికి, అంతరించిన జీవుల) గుండ్రటి అచ్చులున్నాయి. అది సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు. ఆల్ప్స్ పర్వతాలు లేస్తూ దాన్నీ ఎత్తేశాయి. ఆ ఫొటో ఒకటి వెంట తీసుకెళ్లు. గోడను చూస్తూ సముద్రాన్ని ఊహించుకున్న పిల్లల ముఖాలు చూడాలమ్మా!

కోట్ల ఏళ్లంటే వాళ్లకు అందదు. 46 మీటర్ల తాడు తీసుకో. భూమి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు కాబట్టి, ఒక మీటరు పది కోట్ల ఏళ్లు. తాడు ఒక చివర భూమి పుట్టుక, రెండో చివర ఇవాళ అనుకో. ఆ అమ్మోనైట్లు ఇవాళ్టి చివరి నుంచి రెండు మీటర్ల దూరంలో ఉంటాయి. డైనోసార్లు అంతరించింది 66 సెంటీమీటర్ల దగ్గర. మనిషి వచ్చి మూడు మిల్లీమీటర్లే. తాడు పిల్లలతోనే పట్టించు, అమ్మోనైట్ల చోట ఒకరిని, డైనోసార్ల చోట ఒకరిని నిలబెట్టు.

రెండో చోటు మొక్కల కోసం. సున్నపురాయి ఒకవైపు, గ్రానైట్ ఒకవైపు ఉన్న చోటు దొరికితే అదృష్టమే. గ్రానైట్ మీద మట్టి ఆమ్లగుణంతో ఉంటుంది, సున్నపురాయి మీద అలా కాదు. అందుకే మొక్కలు మారతాయి. నత్తలకు గుల్ల కట్టుకోవడానికి సున్నం కావాలి కాబట్టి అవి సున్నపురాయి వైపే ఎక్కువ. ఇదీ వాళ్లనే వెతకనివ్వు. వెనిగర్ చుక్కకు సున్నపురాయి నురగలు కక్కడం చూపించాలంటే బయటి నుంచి ఓ ముక్క తీసుకెళ్లు, పార్కు రాయి మీద వేయకు.

సుత్తి వద్దు, జేబులో రాయి వద్దు అని బయల్దేరే ముందే చెప్పు. ఎందుకో కూడా చెప్పు: ఒక శిలాజాన్ని పెకిలించి తీస్తే, అది ఏ పొరలో ఉందో చెప్పే ఆధారం పోతుంది. యునెస్కో జియోపార్కుల నిర్వాహకులు శిలాజాలు అమ్మకూడదన్న నియమం కూడా ఉంది.

ఇంకొకటి. జియోపార్కంటే మనుషులు బతికే చోటు కూడా. అక్కడి రైతునో, గొర్రెల కాపరినో ఒక అరగంట మాట్లాడమని అడుగు. ఏ నేలలో నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ బావి పడదో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు.

తిరిగొచ్చాక పిల్లల బొమ్మలు నాలుగైదు పంపు. బాగా వచ్చినవే ఏరి పంపనక్కర్లేదు, గీత దగ్గర చెయ్యి ఆగినవి పంపు.