పాత వీడియో ఒక గాయక బృందానికి అవకాశం ఎలా తెచ్చింది?

వాద్యాలు లేకుండా గొంతులతోనే పాడే స్ట్రెయిట్ నో చేజర్ బృందం యూట్యూబ్ ద్వారా ఎలా వెలుగులోకి వచ్చిందన్నది ప్రశ్న. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో 1996లో పదిమంది విద్యార్థులతో ఈ బృందం మొదలైంది. 1998లో వారు వేదికపై పాడిన క్రిస్మస్ పాట వీడియోను, చదువులు ముగిసి ఎవరి దారిన వారు స్థిరపడ్డాక, పాత మిత్రులు చూసుకుంటారన్న ఉద్దేశంతో సభ్యుల్లో ఒకరు 2006లో యూట్యూబ్‌లో పెట్టారు.

అది లక్షల మందికి చేరింది. అందుకు కారణం, నా అభిప్రాయంలో, ఆ పాట కట్టిన తీరే. ‘ట్వెల్వ్ డేస్ ఆఫ్ క్రిస్మస్’ అని మొదలుపెట్టి, వరస తప్పినట్టు వేరే పండుగ పాటల్లోకి జారి, చివరికి టోటో అనే రాక్ బృందం పాట ‘ఆఫ్రికా’ బాణీలో తేలుతారు. ఆ మలుపుల దగ్గర శ్రోతల నవ్వులు వీడియోలోనే వినిపిస్తాయి. తడబాటుగా తోచే ప్రతి చోటా శ్రుతి మాత్రం చెక్కుచెదరదు, అది ఎంతో సాధన ఉంటే తప్ప సాధ్యం కాదు.

ఆ వీడియో చూసిన అట్లాంటిక్ రికార్డ్స్ అనే సంగీత సంస్థ అప్పటి అధిపతి క్రేగ్ కాల్‌మన్ వారితో ఒప్పందం కుదుర్చుకోగా, 2008లోనే ‘హాలిడే స్పిరిట్స్’ ఆల్బమ్ విడుదలైంది.