మెమో మీద పేరు

అమ్మా, ఆశీస్సులు.

నీ కథ మంగళవారం అందింది. నైట్ షిఫ్టు దిగిన పిల్ల తెల్లారుజామున బస్టాండులో, ఏజెంటు కట్టలు విప్పుతుంటే తన పేజీ కోసం వెతుక్కునే చోటు బాగుంది. ఆ తర్వాతే నాకు ఒళ్లు మండింది. తను రాసిన ఫీచర్ కింద ఇన్‌చార్జి పేరు చూసి, "పేరుదేముంది, జీతం వస్తోంది కదా" అనుకుని బస్సెక్కేస్తుందా? నీ ఆఫీసులోనూ ఇదే జరిగిందని, నువ్వూ ఊరుకున్నావని ఉత్తరంలో రాశావు. అందుకే ముందు ఆ సంగతి మాట్లాడతాను.

1989లో విజయవాడలో ఒక పత్రిక ఆదివారం డెస్కులో చేరాను. కొండపల్లి బొమ్మల మీద రాయమన్నారు. మూడు రోజులు ఆ ఊళ్లోనే తిరిగాను. తెల్లపొణికి చెక్కతో బొమ్మ చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఒక పెద్దాయన నా వేలికి కాస్త మక్కు రాసి, ఎలా బిగుస్తుందో చూడమన్నాడు. ఆదివారం పేపరు తెరిస్తే వ్యాసం కింద మా ఇన్‌చార్జి పేరుంది. ఆయన ఏనాడూ కొండపల్లిలో బస్సు దిగిన మనిషి కాదు.

అందులో ఒక తప్పు దొర్లింది. చింతగింజల పొడి అని రాయాల్సిన చోట నిద్రమత్తులో చింతపండు గుజ్జు అని రాశాను. పాఠకులు కార్డులు రాశారు. వెంటనే మెమో వచ్చింది. దాని మీద మాత్రం నా పేరు, ఇంటిపేరుతో సహా టైపు చేసి ఉంది.

తప్పు ఒప్పుకుందామని మళ్లీ కొండపల్లి వెళ్లాను. పెద్దాయన దాచుకున్న పేపరు తెచ్చి, ఆ పేరు మీద వేలు పెట్టి, "ఇది రాసింది మీరు కాదుగా బాబూ" అన్నాడు. నేనేనని ఎంత చెప్పినా నమ్మలేదు. క్షమాపణ చెప్పుకునే హక్కు కూడా నాకు లేకుండా పోయింది. ఆ రోజు బస్సులో కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

రాసినవాడి పేరు ఉంటేనే చదివేవాడు వాణ్ని నిలదీయగలడు. ఇప్పుడు కొన్నిచోట్ల 'డెస్క్' అనో, 'టీమ్' అనో వేసి వదిలేస్తున్నారు. నాకు అది అసలు సహించదు. టీమ్‌ని ఎవరు నిలదీస్తారు?

ఎడిటర్ బాధ్యత నేను కాదనను. పత్రికలో చిన్న అక్షరాల్లో ఆయన పేరు ఉంటుంది, పరువునష్టం కేసు పడితే నోటీసు ఆయనకీ వెళ్తుంది. కాబట్టి నీ వాక్యం కొట్టేసే అధికారం ఆయనకుంది. నీ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టే అధికారం లేదు.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చదువు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మామూలుగా యజమానే మొదటి హక్కుదారు. పత్రికల్లో జీతానికి రాసేవాళ్లకు మాత్రం తేడా ఉంది. పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది, పుస్తకంగా తెచ్చుకోవడం లాంటి మిగతా హక్కులు రాసినవాళ్లవి. వేరే ఒప్పందం లేకపోతేనే సుమా! ఆ ఒప్పందం నియామక పత్రంలోనే ఉంటుంది, ఉద్యోగం వచ్చిన సంతోషంలో మనం చదవకుండా సంతకం పెడతాం. నేనూ అలాగే పెట్టాను. ఇక సెక్షన్ 57 ప్రకారం, హక్కులన్నీ రాసిచ్చినా 'ఇది రాసింది నేను' అని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఉద్యోగంలో పదకొండేళ్లు గడిచిపోయాయి.

నీ నోట్సు, మొదటి డ్రాఫ్టు తేదీ వేసి ఇంట్లో దాచు. ఇన్‌చార్జిని నోటితో అడిగి ఊరుకోకు, మెయిల్ పెట్టు. మర్యాదగానే పెట్టు, కానీ పెట్టు.

కథ ముగింపు మార్చి పంపు. ఆ పిల్ల బస్సెక్కకూడదు. దాంతోపాటు నీ నియామక పత్రం జిరాక్స్ కూడా పెట్టు, అన్ని పేజీలూ.